ఆ ఐడియా బాలానగర్‌లోనే ఎందుకు వెలిగింది?

పోచంపల్లి చీర మీద కనిపించే డిజైన్ మగ్గం మీద పుట్టదు. మగ్గం ఎక్కకముందే, దారంలోనే పుడుతుంది. పేక దారాన్ని ముందు ఒక చట్రం మీద చుట్టాలి. ఇటు ఒక మేకు, అటు వరసగా బోలెడు మేకులు. దారం పట్టుకున్న చెయ్యి వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు కదలాలి. రోజుకి రెండు చీరలంటే 18 వేల సార్లు! నేత ఇళ్లలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. రోజూ ఇదే పనైతే భుజం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆలేరు ప్రాంతంలోని ఒక నేత ఇంట్లో లక్ష్మి అనే అమ్మ ఇలాగే ఆసు పోసేది. భుజం నొప్పితో ఆమె పడే బాధని కొడుకు రోజూ చూసేవాడు. చిన్నప్పుడే బడి మానేసి మగ్గం పనిలోకి వచ్చిన ఆ కొడుకే చింతకింది మల్లేశం. అమ్మ చెయ్యి చేసే పనిని మెషీన్‌తో చేయించాలని 1992లో మొదలుపెట్టారు. ఇంజినీరింగ్ చదవలేదు. చేతిలో డబ్బు లేదు. కూలి డబ్బుల్లో మిగిలినవి పెట్టి విడిభాగాలు కొనడం, బిగించడం, అది పనిచెయ్యకపోతే విప్పడం. ఊళ్లో నవ్వినవాళ్లూ, పిచ్చోడన్నవాళ్లూ ఉన్నారు. ఒక్కో కదలికనీ సాధించుకుంటూ వచ్చారు కానీ, చివర్లో ఒక కదలిక దగ్గర పని ఆగిపోయింది. ఎంత ఆలోచించినా తెగలేదు. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చేశారు.

1999లో ఒకరోజు బాలానగర్‌లో ఒకచోట కరెంటు పనికి వెళ్లారు. అక్కడ ఇంకేదో పని కోసం పెట్టిన మెషీన్ ఒకటి తిరుగుతోంది. దాని కదలిక చూడగానే ఆయనకి వెలిగింది. తనకి ఇన్నాళ్లూ దొరకనిది అదే! ఆ కదలికని తన మెషీన్‌లోకి తెచ్చుకున్నారు. ఆసు యంత్రం తయారైంది. దానికి అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ప్రియదర్శి హీరోగా 'మల్లేశం' సినిమా కూడా వచ్చింది కాబట్టి ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బాలానగర్‌లో ఆ మెషీన్‌ని రోజూ ఎంతోమంది చూస్తూనే ఉండి ఉంటారు. వాళ్లెవరికీ రాని ఐడియా ఆయనకే ఎందుకొచ్చింది? ఏళ్లతరబడి మెషీన్ ముందు కూర్చున్నప్పుడు రానిది, వేరే పని మీద వెళ్లినప్పుడే ఎందుకొచ్చింది?

సైకాలజీ దగ్గర దీనికి జవాబులున్నాయి. అవి మనకీ పనికొస్తాయి.

'నాకు అంత క్రియేటివిటీ లేదండీ'

ఈ మాట మనం ఎంత ఈజీగా అనేస్తామో! బొమ్మలేసేవాళ్లు, పాటలు రాసేవాళ్లు, సినిమాలు తీసేవాళ్లు ఒక జాతి, మిగతా మనమంతా ఇంకో జాతి అన్నట్టు. దానికి తోడు 'నాది లెఫ్ట్ బ్రెయిన్, వాడిది రైట్ బ్రెయిన్' అనే లెక్క ఒకటి. 2013లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్లు 1,011 మంది మెదడు స్కాన్‌లు పరిశీలించారు. ఏదో ఒక పనికి మెదడులో ఒక పక్క ఎక్కువ పనిచెయ్యడం నిజమే కానీ, ఒక మనిషి మొత్తంగా 'రైట్ బ్రెయిన్' మనిషి అనడానికి ఆధారం కనిపించలేదు.

నిజానికి సైకాలజీ కూడా ఈ సబ్జెక్టుని చాలాకాలం పట్టించుకోలేదు. 1950లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా జె.పి. గిల్ఫర్డ్ మాట్లాడుతూ ఒక లెక్క చెప్పారు. అంతకుముందు 23 ఏళ్లలో సైకాలజీలో నమోదైన సుమారు 1,21,000 రచనల్లో క్రియేటివిటీకి సంబంధించినవి 186 మాత్రమేనని! తెలివిని కొలిచే పరీక్షలన్నీ ఒక్కటే సరైన జవాబు అడుగుతాయి, మరి ఒకే ప్రశ్నకి పది దారులు వెతికే బుర్రని ఎలా కొలవాలి అన్నది ఆయన పట్టుకున్న పాయింట్. దానికోసం ఆయన వాడిన పరీక్ష చాలా సింపుల్. ఒక ఇటుకతో ఏమేం చెయ్యొచ్చో చెప్పండి. గోడ కట్టొచ్చు అని అందరూ చెబుతారు. తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టొచ్చు, పొయ్యి చేసుకోవచ్చు, పొడి చేసి ముగ్గులో రంగుగా వాడొచ్చు... ఇలా ఎంత దూరం వెళ్లగలరన్నదే లెక్క.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు ఇంకో విషయం తేల్చాయి. ఒకే మనిషి, అదే ప్రశ్న. కానీ చుట్టూ ఉన్న పరిస్థితి మారితే జవాబులు మారిపోతాయి. అంటే 'నాలో క్రియేటివిటీ ఉందా?' అని అడిగి లాభం లేదు. 'అది రావడానికి నేను చోటిస్తున్నానా?' అని అడగాలి.

పిండి పొంగాలంటే...

1926లో గ్రాహం వాలస్ అనే బ్రిటిష్ ఆలోచనాపరుడు కొత్త ఐడియా పుట్టడంలో నాలుగు దశలుంటాయని రాశాడు. ముందు సమస్యతో కుస్తీ పట్టడం. తర్వాత దాన్ని పక్కనపెట్టి నాననివ్వడం. ఆపైన ఒక క్షణంలో అది వెలగడం. చివరగా వెలిగింది నిజమా కాదా సరిచూసుకోవడం.

దోసెల పిండి సంగతి గుర్తుతెచ్చుకోండి. పప్పూ బియ్యం నానబెట్టాలి, రుబ్బాలి. అది మన పని. రుబ్బాక గిన్నె మీద మూతపెట్టి వదిలెయ్యాలి. రాత్రంతా పక్కనే కూర్చుని గరిటెతో కెలికితే పిండి పొంగదు. అలాగని అసలు రుబ్బకుండా ఖాళీ గిన్నెకి మూతపెడితే తెల్లారేసరికి అందులో ఏమీ ఉండదు.

మల్లేశం ఏళ్లతరబడి రుబ్బారు. ఏ కదలిక కావాలో, ఏది కుదరదో ఆయనకి చేతివేళ్లకి తెలుసు. ఆ ప్రశ్న తలలో పెట్టుకునే బాలానగర్ వెళ్లారు. అక్కడ రోజూ ఆ మెషీన్ చూసేవాళ్ల తలలో ఆసు లేదు. అందుకే వాళ్లకి అది మెషీన్ లాగే కనిపించింది, ఆయనకి జవాబులా కనిపించింది.

ఫ్రెంచ్ గణిత మేధావి హెన్రీ పాయింకరేది కూడా ఇలాంటి అనుభవమే. రోజుల తరబడి కుస్తీపట్టిన ఒక లెక్కని మర్చిపోయి ప్రయాణంలో ఉన్నప్పుడు, బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో జవాబు తట్టిందని ఆయనే చెప్పుకున్నారు. ఇవి ఒకరిద్దరి కథలేనా? 2009లో ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 117 అధ్యయనాలని ఒకచోట చేర్చి చూశారు. మధ్యలో సమస్యని పక్కనపెట్టడం వల్ల మొత్తమ్మీద మేలు జరుగుతోందనే తేలింది. పది దారులు వెతకాల్సిన సమస్యల్లో ఈ లాభం ఇంకా బాగా కనిపించింది.

ఆ ఖాళీ ఎటుపోయింది?

బాగానే ఉంది. మరి మన రోజులో అలా నానే టైమ్ ఎక్కడుంది?

బస్టాప్‌లో నిలబడే ఐదు నిమిషాలు. లిఫ్ట్ కోసం చూసే అర నిమిషం. టీ మరిగే టైమ్. నిద్రపట్టేముందు పది నిమిషాలు. ఒకప్పుడు ఇవన్నీ ఖాళీ. ఇప్పుడు ప్రతి ఖాళీలోనూ ఒక రీల్ ఉంది. తప్పేం లేదు, మీరు ఇది చదువుతున్నది కూడా ఫోన్‌లోనే. కానీ బోర్ కొట్టే ప్రతి క్షణాన్నీ మనం నింపేస్తుంటే, బోర్ చేసే మంచిపని ఆగిపోతుంది.

బోర్ మంచిపని చేస్తుందా? 2014లో బ్రిటన్‌లో శాండీ మాన్, రెబెకా కాడ్‌మన్ ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి టెలిఫోన్ డైరెక్టరీ ఇచ్చి పావుగంట సేపు నంబర్లు ఎక్కించమన్నారు. అంతకంటే బోరు పని ఇంకోటి ఉండదు కదా! ఆ తర్వాత రెండు థర్మాకోల్ కప్పులతో ఏమేం చెయ్యొచ్చో చెప్పమన్నారు. నేరుగా కప్పుల దగ్గరికి వచ్చినవాళ్ల కంటే బోర్ కొట్టించుకుని వచ్చినవాళ్లే ఎక్కువ చెప్పారు. చేతిలో పని బుర్రకి చాలకపోతే అది ఊరికే ఉండదు, తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది.

అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. కూర్చుని ఆలోచించినప్పటి కంటే నడుస్తూ ఆలోచించినప్పుడు కొత్త ఐడియాలు సగటున 60 శాతం ఎక్కువొచ్చాయి. పచ్చని పార్కులో నడిస్తేనే అనుకోకండి. ఖాళీ గోడ ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా పనిచేసింది. అయితే ఒక్కటే సరైన జవాబుండే ప్రశ్నలకి మాత్రం నడక కలిసిరాలేదు. అంటే లెక్కలు చెయ్యాలంటే కూర్చోండి, దారులు వెతకాలంటే లేవండి.

లైకుల లెక్క

ఇంకో పరిస్థితి ఉంది. ఇది కొంచెం నొప్పిగా ఉంటుంది.

మీరు సరదాగా మొదలుపెట్టిన పని ఏదైనా గుర్తుందా? బొమ్మలో, కవితలో, వంట వీడియోలో. మొదట్లో రాత్రి పన్నెండైనా తెలిసేది కాదు. తర్వాత పోస్ట్ చెయ్యడం మొదలైంది. ఒకదానికి లైకులు బాగా వచ్చాయి. రెండోదానికి రాలేదు. మూడోది చేసేటప్పుడు ఏది బావుంటుందన్నది పోయి, ఏది ఆడుతుందన్నది వచ్చి కూర్చుంది. ఆరునెలల తర్వాత ఆ పని చేస్తున్నారా?

1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి 'బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. రెండు వారాల తర్వాత ఆ స్కెచ్ పెన్నులు మళ్లీ క్లాసులో పెట్టి చూశారు. బహుమతి కోసం వేసిన పిల్లలు మిగతా వాళ్లతో పోలిస్తే దాదాపు సగం టైమే బొమ్మలు వేశారు. ఆట కాస్తా పని అయిపోయింది.

పెద్దవాళ్లూ అంతే. 1985లో తెరెసా అమబైల్ 72 మంది యువ రచయితలతో చిన్న కవితలు రాయించారు. మధ్యలో కొందరికి ఒక జాబితా ఇచ్చారు. పేరు కోసం, డబ్బు కోసం, టీచర్ల మెప్పు కోసం... రాయడానికి ఇలాంటి కారణాలున్న జాబితా అది. వాటిని వరసలో పెట్టమన్నారు. అంతే, కొన్ని నిమిషాల పని. తర్వాత రాసిన కవితల్ని 12 మంది కవులతో చదివిస్తే, ఆ జాబితా చూసినవాళ్ల కవితలు తేలిపోయాయి. ఎవరూ వాళ్లని తిట్టలేదు, మార్కులు తగ్గించలేదు. మెప్పు గురించి కాసేపు ఆలోచించారు, అంతే.

అలాగని డబ్బు తీసుకోవద్దని కాదు, బహుమతులు పాపమనీ కాదు. మల్లేశంకి పద్మశ్రీ వచ్చింది. కానీ ఆయన మొదలుపెట్టింది పద్మశ్రీ కోసం కాదు, అమ్మ భుజం కోసం. పని మధ్యలో ఉన్నప్పుడు కళ్లు దేనిమీద ఉన్నాయన్నదే తేడా.

'ఆ అక్షరం వాడకూడదు'

క్రియేటివిటీ అంటే పూర్తి స్వేచ్ఛ అనుకుంటాం. హద్దులుండకూడదు అనుకుంటాం. నిజమేనా?

1994లో థామస్ వార్డ్ అనే సైకాలజిస్టు విద్యార్థులకి పూర్తి స్వేచ్ఛే ఇచ్చాడు. వేరే గ్రహం మీద ఉండే జీవిని మీ ఇష్టం వచ్చినట్టు ఊహించి గీయండి అన్నాడు. చాలామంది ఏం గీశారో తెలుసా? కుడి ఎడమలు ఒకేలా ఉండే ఒళ్లు, కళ్లు, కాళ్లు. మన భూమ్మీది జంతువుకే కొంచెం వేషం మార్చారు. వదిలేస్తే మన బుర్ర బాగా నలిగిన దారిలోకే పోతుంది.

ఆ నలిగిన దారిని మూసేస్తే? దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మన అవధానం చాలు.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు. వాళ్లలో నిషిద్ధాక్షరి ఇచ్చేవారి పని భలే ఉంటుంది. అవధాని పద్యంలో ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏ అక్షరం రావడానికి అవకాశముందో ఊహించి అది వాడకూడదని ఆపేస్తారు. అవధాని ఇంకో దారి వెతకాలి. మళ్లీ దాన్నీ మూసేస్తారు. దత్తపదిలో సంబంధం లేని నాలుగు మాటలిచ్చి వాటితోనే పద్యం చెప్పమంటారు. సమస్యలో అర్థంపర్థం లేనట్టు కనిపించే పాదం ఇచ్చి దానికి అర్థం పుట్టించమంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం వాళ్లు చిలిపి ప్రశ్నలతో దారి తప్పించాలని చూస్తూనే ఉంటారు. వీటన్నిటి మధ్యా ఛందస్సు తప్పకుండా పద్యం రావాలి. మొదట తట్టిన మాట వాడే అవకాశమే లేనప్పుడు, ఎప్పుడూ తట్టని మాట బయటికొస్తుంది. సభ చప్పట్లు కొట్టేది సరిగ్గా అక్కడే.

మీకూ ఇది పనికొస్తుంది. 'ఏదో ఒక షార్ట్‌ఫిల్మ్ తీయాలి' అనుకుంటే ఏడాది గడిచిపోతుంది. 'ఒకే గది, ఇద్దరు మనుషులు, మూడు నిమిషాలు, డైలాగ్ ఉండకూడదు' అనుకుంటే ఈ సాయంత్రమే ఏదో తట్టొచ్చు.

చెత్త కూడా కావాలి

అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశారని చెబుతారు. రాగిరేకుల మీద మనకి దొరికినవి దాదాపు 12 వేలు. వాటిలో మనం రోజూ వినేవి ఎన్ని? లెక్కేసుకోండి. ఆ కొన్ని పాటలూ అన్ని వేల మధ్య నుంచే వచ్చాయి.

పెద్దపెద్ద శాస్త్రవేత్తల, కళాకారుల జీవితాల్ని లెక్కలుగా పరిశీలించిన డీన్ సైమంటన్ అనే సైకాలజిస్టు చెప్పిందీ ఇదే. గొప్ప పని ఎక్కువగా వచ్చింది, మొత్తమ్మీద ఎక్కువ పని చేసినవాళ్ల నుంచే. వాళ్లు చేసినవాటిలో మామూలువీ చాలా ఉన్నాయి. ఏది నిలుస్తుందో ముందుగా వాళ్లకీ తెలియదు. మనమేమో మొదటి డ్రాఫ్ట్ చూసుకుని 'ఛీ, ఇదేం రాత' అని మూసేస్తాం. అక్కడ ఆగింది మన ప్రతిభ కాదు. మన లెక్క, ఒకటి దగ్గరే ఆగింది.

పక్కన ఎవరున్నారు?

చివరి పరిస్థితి మన చేతిలో పూర్తిగా ఉండదు. అది చుట్టూ ఉన్న మనుషులు.

కాలేజీలో ప్రాజెక్టు అనగానే 'రండి, అందరం కూర్చుని ఐడియాలు చెప్పుకుందాం' అంటారు. ముందు మాట్లాడినవాడి ఐడియా చుట్టూనే గంట గడిచిపోతుంది. వెనక కూర్చున్న అమ్మాయి 'ఇది చెబితే నవ్వుతారేమో' అని మింగేస్తుంది. 1958లో యేల్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగం నుంచీ ఇదే కనిపిస్తోంది. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఐడియాల కంటే, నలుగురూ విడివిడిగా రాసుకుని ఆపైన కలిపిన ఐడియాలే ఎక్కువ. కారణాలు మామూలువే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు ఐడియా జారిపోతుంది. పైగా ఎవరేమనుకుంటారో అనే భయం. కాబట్టి ఈసారి ముందు పది నిమిషాలు ఎవరి కాగితం వాళ్లు రాయండి, తర్వాత మాట్లాడుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మల్లేశం కథ విని 'కష్టాలుంటేనే క్రియేటివిటీ వస్తుంది' అనుకుంటే అది పొరపాటు. డబ్బు లేకపోవడం, జనం నవ్వడం ఆయనకి సాయం చెయ్యలేదు, అడ్డంపడ్డాయి. వాటిని దాటి ఆయన వచ్చారు. అలాంటి అడ్డంకుల దగ్గరే ఆగిపోయినవాళ్ల పేర్లు మనకి తెలియవు, వాళ్ల మీద సినిమాలు రావు. మీ తమ్ముడో, చెల్లెలో, క్లాస్‌మేటో ఏదో విచిత్రమైన ఐడియా చెప్పినప్పుడు వచ్చే ఆ మొదటి నవ్వుని ఒక్క నిమిషం ఆపగలిగితే, మీరు కూడా ఒక ఐడియాకి చోటిచ్చినట్టే.

ఈ వారం ఒకటి చూడండి

మిమ్మల్ని నిజంగా తొలిచే ప్రశ్న ఒకటి ఎంచుకోండి. పెద్దదేం కానక్కర్లేదు. అమ్మ వంటింట్లో రోజూ వంగి తీసే బరువు కావచ్చు, నాన్న షాపులో రోజూ రాత్రి కుదరని లెక్క కావచ్చు. రెండు మూడు రోజులు దానితో గట్టిగా కుస్తీ పట్టండి. కాగితం మీద ఇరవై జవాబులు రాయండి, పదిహేను చెత్తవైనా సరే. ఎవరికీ చూపించకండి, పోస్ట్ చెయ్యకండి. తర్వాత వదిలెయ్యండి. రోజుకి ఒక్క ఖాళీ మాత్రం ఫోన్‌కి ఇవ్వకండి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో, సందు చివరి దాకా నడిచి పాలు తెచ్చేటప్పుడో.

వారంలో ఏమీ తట్టకపోవచ్చు. మల్లేశంకి ఏడేళ్లు పట్టింది. కానీ తలలో ప్రశ్న ఉన్నవాడికి ఊరు వేరేగా కనిపిస్తుంది. ఎవరో ఎందుకో పెట్టుకున్న మెషీన్ దగ్గర కూడా వాడి కాళ్లు ఆగుతాయి.